మారుపేరు చాటున మన్నన: పేరడీలో అనుకరణ, కర్తృత్వం – తులనాత్మక పరిశీలన

సారాంశం:
ఒక రచయిత మరొకరి గొంతును అరువు తెచ్చుకొని, సొంత పేరును పక్కనపెట్టి రాసినప్పుడు ఆ రచనను ఏమని పిలవాలి? చౌర్యమా, కూటరచనా, పరిహాసమా, మన్ననా? తెలుగు పేరడీ కవులు జరుక్‌శాస్త్రి, ‘వికటకవి’ మాచిరాజు దేవీప్రసాద్‌ల కృషినీ, ఇంగ్లండుకు చెందిన ఎక్స్‌టీసీ సంగీత బృందం 1985లో ‘డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్’ అనే మారుపేరుతో చేసిన ప్రయోగాన్నీ పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. అనుకరణను అంచనా వేయడానికి పోలికల లెక్క చాలదనీ, రచయిత దేన్ని దాచాడు, దేన్ని చూపాడు అన్నదే సరైన గీటురాయి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పేరడీ, శైల్యనుకరణ, మారుపేరు, కర్తృత్వం, జరుక్‌శాస్త్రి, వికటకవి, శ్రీశ్రీ, సైకెడెలిక్ పాప్, గ్రంథచౌర్యం.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్రల్లో పేరడీకి దక్కిన చోటు చాలా చిన్నది. హాస్యరచనల కింద ఒక పేరాగ్రాఫు, రెండు మూడు ఉదాహరణలు, అంతటితో సరి. తరగతి గదిలోనూ అంతే. మూలకవితను పాఠ్యాంశంగా చెబుతాం, దాని పేరడీని పాఠం మధ్యలో విద్యార్థుల అలసట తీర్చడానికి వినిపిస్తాం. నవ్వించింది కాబట్టి అది విమర్శకు అందేది కాదన్న ఊహ మనలో ఎక్కడో స్థిరపడిపోయింది.

‘పేరడీ’ అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది. ‘ఒక పాట పక్కన పాడే మరో పాట’ అన్నది దాని మూలార్థం. ఈ ‘పక్కన’ అన్న భావం ముఖ్యమైనది. మూలం లేకుండా పేరడీ లేదు. మూలాన్ని తోసేసి దాని స్థానంలో కూర్చోవాలని కూడా పేరడీ కోరుకోదు. అది పక్కన నిలబడుతుంది. పక్కన నిలబడినవాడు ఎగతాళి చేస్తున్నాడా, ఆరాధిస్తున్నాడా అన్నది ఒక్కోసారి తేలదు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. ఈ మిశ్రమ స్థితిని అర్థం చేసుకోవడానికి మారుపేరు ఒక మంచి దారి చూపుతుంది.

2. సిద్ధాంత నేపథ్యం

అనుకరణ గురించి మన అలంకారశాస్త్రం మౌనంగా లేదు. ఇద్దరు కవుల మధ్య కనిపించే సాదృశ్యాలను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో మూడు రకాలుగా విభజించాడు. అద్దంలో నీడలా ఉండేది ప్రతిబింబకల్పం, చిత్తరువులా ఉండేది ఆలేఖ్యప్రఖ్యం, ఒకే పోలికగల ఇద్దరు మనుషుల్లా ఉండేది తుల్యదేహితుల్యం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణ, అర్థహరణాలను విస్తరించి చర్చిస్తూ వీటికి ‘పరపురప్రవేశసదృశం’ అన్న నాలుగో భేదాన్ని చేర్చాడు. పరకాయప్రవేశం వంటిదన్నమాట. దేహం ఒకరిది, అందులో కదిలే ప్రాణం మరొకరిది. పేరడీకి భారతీయ శాస్త్రంలో దగ్గరి పోలిక వెతికితే ఈ నాలుగోదాని దగ్గరే ఆగవలసి వస్తుంది.

రాజశేఖరుడు మరో చమత్కారం కూడా చేశాడు. కవులను వర్తకులతో పోల్చి, చౌర్యం అంటని వారు ఇద్దరిలోనూ లేరనీ, తెచ్చుకున్నదాన్ని దాచడం తెలిసినవాడు మాత్రం నింద పడకుండా బతుకుతాడనీ అన్నాడు. ఈ మాటను తిరగేస్తే పేరడీ లక్షణం దొరుకుతుంది. పేరడీ కర్త తెచ్చుకున్నదాన్ని దాచడు. దాస్తే అతని రచన చచ్చిపోతుంది. ఎవరి గొంతుతో మాట్లాడుతున్నాడో పాఠకుడు మొదటి పాదంలోనే గుర్తుపట్టాలి.

పాశ్చాత్య విమర్శలో జెరార్ జెనెట్ 1982లో వెలువరించిన ‘పాలింప్సెస్ట్’ గ్రంథంలోని విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక నిర్దిష్టమైన పాఠాన్ని ఆటగా మార్చడం పేరడీ. ఒక కవి శైలినో, ఒక కాలపు శైలినో ఆటగా అనుకరించి కొత్త పాఠం సృష్టించడం పాస్టీష్. దీన్ని శైల్యనుకరణ అనవచ్చు. అదే శైల్యనుకరణను గంభీరంగా, నిజమని నమ్మించేలా చేస్తే కూటరచన. ఫ్రెడ్రిక్ జేమ్‌సన్ 1984లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఆధునికోత్తర యుగపు శైల్యనుకరణను లక్ష్యం లేని శూన్యానుకరణగా విమర్శించాడు. ఆ మరుసటి ఏడే లిండా హచియన్ తన పేరడీ సిద్ధాంత గ్రంథంలో భిన్నమైన వాదం చేసింది. పేరడీకి ఎగతాళి తప్పనిసరి కాదనీ, విమర్శనాత్మకమైన ఎడంతో చేసే పునరావృత్తి దాని సారమనీ, గౌరవం కూడా అందులో ఇమడగలదనీ ఆమె వాదన. ఈ వ్యాసంలో పరిశీలించే ఉదాహరణలు హచియన్ వాదాన్నే బలపరుస్తాయి.

3. తెలుగులో అరువు పేర్లు

మరొకరి పేరుతో రాయడం తెలుగుకు కొత్త కాదు. ఇందులో కనీసం రెండు వేర్వేరు సంప్రదాయాలు ఉన్నాయి.

మొదటిది ప్రామాణ్యం కోసం పేరు అరువు తెచ్చుకోవడం. నన్నయ పేరుతో ప్రచారంలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి ఇందుకు చర్చనీయమైన ఉదాహరణ. ఆ గ్రంథాన్ని భీమకవి గోదావరిలో కలిపాడనీ, సారంగధరుడి వల్ల అది నిలిచి బాలసరస్వతికి చేరిందనీ 17వ శతాబ్దంలో అప్పకవి ఒక కథ చెప్పాడు. ఈ కర్తృత్వాన్ని అంగీకరించని పండితులు అనేకులు. వారి వాదం నిజమైతే, ‘పోయి దొరికిన పుస్తకం’ అన్న కథ ఆ పేరును నిలబెట్టడానికి పుట్టిన ఆధారం అవుతుంది. ఇక్కడ పాఠకుడు నమ్మాలి. నమ్మకపోతే పని జరగదు.

రెండోది భక్తితోనో, ఆత్మీయతతోనో పేరును పంచుకోవడం. వేమన మకుటంతో చెలామణిలో ఉన్న పద్యాలన్నీ ఒక్కరివే కావన్నది పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్న మాట. ఆటవెలది నడక, చివరి పాదంలోని మకుటం చేతికి చిక్కాక, లోకరీతిని ఎత్తిచూపే ఎవరైనా వేమన కాగలిగారు. చంద్రశేఖరపురం మొదలుకొని గిద్దలూరు దాకా పశ్చిమ ప్రకాశం పల్లెల్లో వేమన పద్యాలూ వీరబ్రహ్మం తత్వాలూ నోటి మీద బతికిన సాహిత్యం. ఇలాంటి మౌఖిక సంప్రదాయంలో ఏ పద్యం మూలకవిది, ఏది తర్వాతి చేరిక అన్న ప్రశ్న పాడేవారిని బాధించదు. మకుటం ఇక్కడ సంతకంగా కంటే ఒక పీఠంగా పనిచేస్తుంది. దాని మీద కూర్చున్నవారెవరైనా ఆ గొంతుతోనే మాట్లాడాలి.

మార్కెట్టు అవసరాల కోసం పేరు మార్చుకోవడం వేరు. సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి తమిళంలో మరగతమణిగా, హిందీలో ఎం.ఎం. క్రీమ్‌గా పనిచేశారు. పేరు మారింది, భాష మారింది. మరొకరి శైలిని ధరించడం అక్కడ ఉద్దేశం కాదు. అందువల్ల అది ఈ చర్చ పరిధిలోకి రాదు.

4. జరుక్‌శాస్త్రి, వికటకవి

జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914–1968) తెలుగులో పేరడీకి పర్యాయపదంగా నిలిచినవారు. ఇంటిపేరులోని ‘జ’, సొంత పేరులోని ‘రుక్’ కలిపి ‘జరుక్’ అయ్యారు. శ్రీరంగం శ్రీనివాసరావు ‘శ్రీశ్రీ’ కావడంలో ఒక మంత్రాక్షరం లాంటి గాంభీర్యం ఉంది. ‘జరుక్’ అన్న ధ్వనిలో కాలు జారిన చప్పుడు ఉంది. పేరును కుదించే పద్ధతి ఒకటే, ఫలితాలు మాత్రం రెండు దిక్కులకు పోయాయి. ఈ కలంపేరు ఎవరినీ మోసగించేది కాదు. ఇంటిపేరూ ఉంది, శాస్త్రీ ఉంది. దాచడం కంటే హెచ్చరించడమే దాని పని. ఇక్కడి నుంచి నేల జారుడుగా ఉంటుందని పాఠకుడికి అది ముందే చెబుతుంది.

మాచిరాజు దేవీప్రసాద్ ఎంచుకున్న ‘వికటకవి’ మరింత సాభిప్రాయమైనది. ఎటునుంచి చదివినా ఒకటిగా ఉండే ఈ మాటను తెలుగువారు తెనాలి రామకృష్ణుడి బిరుదుగా ఎరుగుదురు. అంటే పేరడీ రాయడానికి తొడిగిన ముసుగే మరో పూర్వకవికి చేసిన నమస్కారం. ముందునుంచీ వెనకనుంచీ ఒకేలా చదవగలిగే ఆ పదం పేరడీ స్వభావానికి కూడా సరిపోతుంది. పేరడీని మూలం వైపు నుంచి చదవాలి, మూలాన్ని పేరడీ వైపు నుంచీ చదవాలి.

4.1. ‘అద్వైతం’: అనుకరణల గొలుసు

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని ‘అద్వైతం’ గీతానికి ఆంగ్లకవి స్విన్‌బర్న్ ‘ఎ మ్యాచ్’ ప్రేరణ. ప్రేమ ఇదైతే, నేను అదైతే అంటూ షరతు వాక్యాలతో నడిచే ఆ ఎత్తుగడను శ్రీశ్రీ తెలుగు మాత్రల్లోకి, తెలుగు అంత్యప్రాసల్లోకి తెచ్చుకున్నారు. ఆ రుణాన్ని ఆయన దాచుకోలేదు. జరుక్‌శాస్త్రి ఈ గీతాన్ని పేరడీ చేశారు. ఆనందం, అనురాగం వంటి అమూర్త భావాలను ప్రకృతిలోని మహారూపాలతో జతచేసే పద్ధతిని అలాగే ఉంచి, పోలికలను మాత్రం జారవిడిచారు. ధ్వని గంభీరంగా సాగుతూనే ఉంటుంది. అర్థం మాత్రం ఎత్తు నుంచి దిగిపోతుంది.

ఈ గొలుసుకు మరో కొస కూడా ఉంది. స్విన్‌బర్న్ 1880లో తన పేరు లేకుండా ‘హెప్టలోజియా’ అనే పేరడీల సంపుటం ప్రచురించాడు. సమకాలిక కవుల సరసన తన శైలిని కూడా అందులో పేరడీ చేసుకున్నాడు. అంటే శ్రీశ్రీకి ప్రేరణగా నిలిచిన కవే అజ్ఞాతంగా తన మీద తాను నవ్వుకున్నవాడు. ఏది మూలం, ఏది నకలు అన్న గీత ఇలాంటి చోట మసకబారుతుంది. ‘అద్వైతం’ పేరడీని కేవలం శ్రీశ్రీ మీద విసురుగా చదివితే ఈ చరిత్ర అంతా కనుమరుగవుతుంది.

4.2. ‘జయభేరి’: ఛందస్సు చేసే పని

వికటకవి పేరడీల్లో బాగా ప్రచారం పొందింది శ్రీశ్రీ ‘జయభేరి’కి చేసినది. మూలంలో వక్త లోకయజ్ఞంలో తన వంతును ఉదాత్తంగా ప్రకటించుకుంటాడు. పేరడీలో వక్త కిళ్లీకొట్టు బాకీ ఎగవేతను, జనాభా లెక్కలో తానూ ఒక అంకె కావడాన్ని అదే స్వరంతో ప్రకటిస్తాడు. మూడు, నాలుగు మాత్రల గణాలు కలిసిన మిశ్రగతి రెండింటిలోనూ ఒకటే. గురజాడ ముత్యాలసరం నుంచి తెలుగు చెవికి అలవాటైన నడక అది.

ఈ పేరడీ విమర్శగా ఏం చెబుతోంది? శ్రీశ్రీ ఆశయాన్ని అది ఖండించడం లేదు. ఆ నడకలో ఏం పోసినా అది చారిత్రక ఘట్టంలా వినిపిస్తుందని నిరూపిస్తోంది. కిళ్లీకొట్టు బాకీ కూడా వీరకృత్యంలా మోగుతుంది. ఉత్తమపురుష ఏకవచనం, వాక్యారంభంలోని పునరుక్తి, మిశ్రగతి అనే మూడూ కలిసి ఎంత శక్తిని పుట్టిస్తాయో మూలకవితను మాత్రమే చదివినప్పుడు విడదీసి చూడలేం. అర్థపు బరువు మనల్ని కమ్మేస్తుంది. పేరడీ ఆ బరువును తీసేసి యంత్రాన్ని విప్పి చూపుతుంది. ఇంత నిశితంగా విప్పగలిగినవాడు ఆ కవితను ఎన్నిసార్లు చదువుకొని ఉండాలో ఊహించవచ్చు. అభిమానానికి అదే సాక్ష్యం.

5. డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్

ఇదే సంబంధం సంగీతంలో ఎలా పనిచేస్తుందో చూడడానికి ఇంగ్లండు ఉదాహరణ తోడ్పడుతుంది. స్విండన్ పట్టణానికి చెందిన ఎక్స్‌టీసీ బృందం 1970ల చివర్లో, పంక్ సంగీతపు ఊపులో పైకి వచ్చింది. అంతకు పదేళ్ల ముందరి సైకెడెలిక్ పాప్ ఆ వాతావరణంలో కాలం చెల్లిన సరుకు. 1966–68 నాటి ఆ ధోరణి కలలనూ భ్రాంతులనూ బాల్యస్మృతులనూ పాటలో కలిపింది. వెనక్కు తిప్పిన టేపులు, మెలోట్రాన్ అనే వాద్యం, సితార ధ్వనులు దాని గుర్తులు. జార్జ్ హారిసన్ 1966లో పండిట్ రవిశంకర్ వద్ద సితార అభ్యసించడం మనకు పరిచితమైన ఘట్టమే. ఎక్స్‌టీసీ నాయకుడు ఆండీ పార్ట్రిడ్జ్ 1953లో పుట్టాడు. ఆ పాటలు రేడియోలో మోగుతున్నప్పుడు అతను పద్నాలుగేళ్ల కుర్రవాడు. చెవికి అలవాటైన ఆ తొలి ప్రేమను పంక్ తరం మధ్య నిలబడి ఒప్పుకోవడం తేలిక కాదు.

1984 డిసెంబరులో ఎక్స్‌టీసీ సభ్యులు నిర్మాత జాన్ లెకీతో కలిసి తక్కువ ఖర్చుతో, సుమారు రెండు వారాల్లో ఆరు పాటలు రికార్డు చేశారు. ‘25 ఓ క్లాక్’ అన్న పేరుతో అవి 1985 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి. ఆ తేదీ ఎంపికలోనే ఆట ఉంది. బృందం పేరు డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్. పార్ట్రిడ్జ్ ‘సర్ జాన్ జాన్స్’ అయ్యాడు, కొలిన్ మౌల్డింగ్ ‘ది రెడ్ కర్టెన్’, డేవ్ గ్రెగరీ ‘లార్డ్ కార్నీలియస్ ప్లమ్’. డ్రమ్ములు వాయించిన గ్రెగరీ సోదరుడికీ మారుపేరే. లెకీ పేరు సైతం ‘స్వామి ఆనంద్ నగర’గా కనిపించింది. తూర్పు దేశాల ఆధ్యాత్మికత మీద అరవైల నాటి మోజు ఆ ఒక్క పేరులో పలుకుతుంది.

వారు తమకు తాము పెట్టుకున్న నియమాలు గమనించదగినవి. పాటలు 1967–68 నాటి పద్ధతిలోనే ఉండాలి. పాతకాలపు పరికరాలు వీలైనంతగా వాడాలి. ఒకటి రెండు ప్రయత్నాల్లో రికార్డింగు ముగించాలి. కవికి ఛందస్సు ఏం చేస్తుందో ఈ నియమాలు వారికి అదే చేశాయి. సిడ్ బారెట్ కాలపు పింక్ ఫ్లాయిడ్, 1967 నాటి బీటిల్స్, అమెరికాకు చెందిన ఎలక్ట్రిక్ ప్రూన్స్ వంటి బృందాల జాడలు ఆ పాటల్లో స్పష్టంగా వినిపిస్తాయి. అయితే ఏ ఒక్కటీ పాత పాటకు నకలు కాదు. జెనెట్ పరిభాషలో చెప్పాలంటే ఇది శుద్ధమైన శైల్యనుకరణ.

1987లో ‘సోనిక్ సన్‌స్పాట్’ అన్న రెండో ఆల్బమ్ వచ్చింది. ఈ రెండు మాటల ముందూ పలకని ‘పి’ అక్షరాన్ని చేర్చి, ‘సైకెడెలిక్’ అన్న మాట ఆంగ్ల వర్ణక్రమాన్ని కంటికి తట్టేలా చేశారు. చెవికి అందని ఈ చమత్కారం వికటకవి అన్న పదంలోని అక్షరక్రీడకు దగ్గరి చుట్టం.

ఫలితం ఊహించనిది. ఎక్స్‌టీసీ సొంత పేరుతో 1984లో తెచ్చిన ‘ది బిగ్ ఎక్స్‌ప్రెస్’ కంటే బ్రిటన్‌లో ‘25 ఓ క్లాక్’ ఎక్కువగా అమ్ముడైంది. ముసుగు తొడిగినవారి మీద ముసుగు గెలిచింది. ఆపైన ఆ ముసుగులో నేర్చినది వారి సొంత గొంతులోకి ప్రవహించింది. 1989లో ఎక్స్‌టీసీ పేరుతోనే వచ్చిన ‘ఆరెంజెస్ అండ్ లెమన్స్’లో అరవైల రంగులు దాపరికం లేకుండా కనిపిస్తాయి. 2009 పునర్ముద్రణల నాటికి రికార్డు మీద ఎక్స్‌టీసీ పేరు కూడా చేరింది.

6. సాదృశ్యాలు, భేదాలు

పై ఉదాహరణలను కలిపి చూస్తే అరువు గొంతుతో చేసే రచన మూడు విధాలుగా విడిపోతుంది. గ్రంథచౌర్యంలో మూలకర్త పేరును దాచి సొంత పేరును చూపుతారు. కూటరచనలో సొంత పేరును దాచి పూర్వకర్త పేరును నిజమని నమ్మిస్తారు. పేరడీ, శైల్యనుకరణల్లో సొంత పేరును పక్కనపెట్టి, మూలాన్ని బాహాటంగా చూపుతారు, ఇది ఆట అని కూడా తెలియజేస్తారు. ‘జరుక్’ అన్న ధ్వని, ‘వికటకవి’ అన్న బిరుదు, ఏప్రిల్ 1 అన్న తేదీ ఈ మూడూ అలాంటి సూచనలే. ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వ కథలో లేనిది ఈ కన్నుగీటు. వేమన మకుటం వీటి మధ్య నిలుస్తుంది. అక్కడ మోసమూ లేదు, ఆటా లేదు. పేరు ఉమ్మడి ఆస్తి అయింది.

భేదాలనూ గుర్తించాలి. తెలుగు పేరడీలు ఎక్కువగా సజీవులైన కవుల మీద, వారి ప్రసిద్ధ రచనల మీద వచ్చాయి. మూలకవి, పేరడీ కర్త ఒకే సభలో కూర్చోగల స్థితి అది. అందుకే వాటిలో కొంటెతనం ఎక్కువ. డ్యూక్స్ ప్రయోగం గడిచిపోయిన ఒక కాలం మీద చేసినది. అందులో కొంటెతనంతో పాటు బెంగ కూడా ఉంది. తెలుగులో పేరడీ మూలాన్ని విప్పి చూపింది. డ్యూక్స్ మూలంలా బతికి చూశారు. మొదటిది విమర్శకు దగ్గర, రెండోది పరకాయప్రవేశానికి దగ్గర.

7. పరిశోధనకు, బోధనకు వర్తింపు

ఈ చర్చ సాహిత్య చరిత్రకే పరిమితం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల తర్వాత సిద్ధాంతగ్రంథాల్లో సాదృశ్య శాతం మన దైనందిన మాట అయింది. పది శాతం లోపు ఒక స్థాయి, నలభై దాటితే మరొకటి, అరవై దాటితే ఇంకొకటి. ఇది అవసరమైన కట్టడే. కాని అది కొలిచేది పదాల పోలికను. ఒక పేరడీని ఆ యంత్రానికి ఇస్తే మూలంలోని పదాలు కనబడి దోషం చూపవచ్చు. డ్యూక్స్ పాటల వంటి శైల్యనుకరణను ఇస్తే సాదృశ్యం సున్నాకు దగ్గరగా రావచ్చు. నిజానికి రెండోదే మరింత గాఢమైన అనుకరణ. పక్కవారి వాదాన్ని, అమరికను, ఆలోచన నడకను పూర్తిగా తీసుకొని, మాటలు మాత్రం మార్చి రాసిన సిద్ధాంతవ్యాసం కూడా అలాగే సున్నాతో బయటపడుతుంది. అది మన్నన కాదు, రాజశేఖరుడు చెప్పిన దాచే నేర్పు. ఈ తేడాను యంత్రం పట్టలేదు. పర్యవేక్షకుడు పట్టాలి. పట్టాలంటే ‘ఎంత తీసుకున్నాడు’ అన్న ప్రశ్నతో ఆగకుండా ‘ఏది దాచాడు’ అని కూడా అడగాలి.

బోధనలో పేరడీని పాఠం మధ్య విరామంగా కాక పాఠంలో భాగంగా వాడుకోవచ్చు. ‘జయభేరి’ చెప్పిన రోజునే వికటకవి పేరడీని పక్కన పెట్టి, మారినవేవి, మారనివేవి అని విద్యార్థులచేత జాబితా రాయిస్తే మిశ్రగతి, పునరుక్తి, స్వరస్థాయి అన్న మూడు విషయాలు లక్షణ గ్రంథం తెరవకుండానే వారికి పట్టుబడతాయి. తామే ఒక పేరడీ రాయమంటే ఆ కవి మాత్రల లెక్క చెవికి ఎక్కుతుంది. శ్రీరమణ వచన పేరడీలు కథానిక, వ్యాస శైలుల బోధనకు ఇదే విధంగా ఉపకరిస్తాయి.

8. ముగింపు

అనుకరణ అంటే స్వతంత్రత లేకపోవడమన్న అభిప్రాయం భావకవిత్వ యుగం నుంచి మన విమర్శలో బలపడింది. పైన చూసిన ఉదాహరణలు దానికి భిన్నమైన సంగతి చెబుతున్నాయి. మరొకరి గొంతును ఇంత సూక్ష్మంగా పట్టుకోవడానికి ఆ గొంతు మీద శ్రద్ధ కావాలి, దాని నియమాల మీద పట్టు కావాలి, కొంతసేపు తన పేరును పక్కన పెట్టగల నిబ్బరం కావాలి. మారుపేరు ఈ మూడో అవసరాన్ని తీరుస్తుంది. బిడియం వల్లనో, కాలధర్మం వల్లనో సొంత పేరుతో ఒప్పుకోలేని ఇష్టాన్ని చెప్పుకోవడానికి అది చోటిస్తుంది.

తెలుగు పేరడీలను కలంపేర్లతో, మూలపాఠాలతో, ఛందోవివరాలతో జతచేసి ఒకచోట కూర్చిన పరిష్కృత సంకలనం ఇప్పటి అవసరం. పత్రికల పాత సంచికల్లో, రేడియో ప్రసంగ ప్రతుల్లో, నోటి జ్ఞాపకాల్లో చెదిరివున్న ఈ సాహిత్యం మూలాలను గుర్తుపట్టగల పాఠకులు ఉన్నంతవరకే అర్థవంతంగా ఉంటుంది. మూలకవిత మరుపున పడితే దాని పక్కన పాడిన పాట కూడా మూగబోతుంది. ఆ పని చేపట్టే పరిశోధకుడికి నవ్వును సీరియస్‌గా తీసుకునే ఓపిక మొదటి అర్హత కావాలి.